పంటు మీద దౌత్యం

1999 జూన్‌లో నన్ను రాజోలు సబ్‌డివిజన్‌కి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేసేరు. ఆ హోదాని జనం ముద్దుగా డీఈ గారు అంటారు. నా పైన అమలాపురంలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈ గారు. ఆ పైన కాకినాడలో ఎస్‌ఈ గారు. ఆ పైన హైదరాబాదు. ఆ పైన దేవుడు. నా కింద ఇద్దరు ఏఈలు, ఒక డ్రాఫ్ట్స్‌మన్, నెలలో సగం రోజులు వర్క్‌షాపులో కాపురముండే ఒక జీపు. రోడ్లూ వంతెనలూ మా పని. కోనసీమలో నాలుగడుగులు వేస్తే కాలువ అడ్డం వస్తుంది గనక వంతెనల పనే ఎక్కువ.

చార్జి తీసుకున్న రోజునే హెడ్ క్లర్కు ఒక ఫైలు తెచ్చి నా బల్ల మీద పెట్టేడు. పదకొండేళ్ళ వయసున్న ఫైలు. పైన ఎర్ర సిరాతో 'లంకకు వంతెన' అని రాసుంది. బయటి ప్రాంతాల వారి కోసం చెబుతున్నాను: గోదావరి మధ్యలో మేట వేసి ఏర్పడిన దిబ్బల్ని మేం లంకలంటాం. అరటీ, కూరగాయలూ బాగా పండుతాయి. జనం కాపురాలుంటారు. వరదొస్తే పడవలు ఆగిపోతాయి, లంకవాళ్ళు లంకలోనే ఉండిపోతారు. ఇకపోతే, లంకకు వంతెన అనగానే మీ నోటికొచ్చే చమత్కారం ఏమిటో నాకు తెలుసు. ఆ ఫైలు వెళ్ళిన ప్రతి ఆఫీసులోనూ ప్రతి గుమాస్తా అదే మాట, తనకే మొట్టమొదట తట్టినట్టు అన్నాడు. వినీ వినీ నా చెవులు తుప్పు పట్టేయి. ఇక్కడ మళ్ళీ రాయను.

ఆ లంకని చినమడుగులంక అనుకోండి. పేరు మార్చేను. ఆ ఊరివాళ్ళు ఇంకా ఉన్నారు, నేనూ ఇంకా ఉన్నాను. ఇవతలి గట్టున ఉన్న ఊరు చినమడుగు. ఆ రోజుల్లో వసిష్ఠ పాయ తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలకి హద్దు. వెనకటి రోజుల్లో పెద్ద ప్రవాహం లంకకి తూర్పున పారేదట, అందుకని లంకని పశ్చిమ గోదావరిలో రాసేరు. తరవాత నది మనసు మార్చుకుని లంకకి పడమటగా పోయింది. రెవెన్యూ రికార్డు మనసు మార్చుకోలేదు. అంచేత లంకవాళ్ళ బడీ, సంతా, ఆసుపత్రీ మన రాజోలు వైపు. రేషన్ కార్డులూ పట్టాలూ అవతలి జిల్లావి.

పని ఒక జిల్లాది అయితే కలెక్టరు చూస్తారు. రెండు జిల్లాలదైతే ఇద్దరు కలెక్టర్లూ చూడరు. ఆ లెక్కన ఫైలు హైదరాబాదు వెళ్ళింది. అక్కడ ఎవరో మహానుభావుడు దాన్ని ఇంగ్లీషులోకి కుదించి, నిధులు దొరుకుతాయేమోనని దిల్లీకి పంపేడు. కుదింపులో చినమడుగు అన్న మాటని టైపిస్టు మింగేసేడు. మిగిలింది ఇది: విషయం - లంకకు వంతెన - సరిహద్దుకి ఇరువైపులా సహకారం కోరుట గురించి. దిల్లీలో కూర్చున్న మనిషికి లంక అంటే ఒకటే లంక. పాపం, వాళ్ళ తప్పేముంది? ఫైలు తీసుకెళ్ళి ఇరుగుపొరుగు దేశాలతో కలిసి కట్టే రోడ్లూ వంతెనలూ చూసే విభాగంలో పడేసేరు. ఆ విభాగానికి ఆ ఏడు వచ్చిన ఫైళ్ళు తక్కువనుకుంటాను. నెత్తిన పెట్టుకున్నారు.

2000 జనవరిలో ఫ్యాక్సు వచ్చింది. ప్రాంతీయ సహకార సలహాదారు బక్షీ గారు సరిహద్దు పరిశీలనకి వస్తున్నారు, ఏర్పాట్లు చేయవలసింది. నేను వెంటనే అమలాపురం ఫోన్ చేసి, తప్పు సరిదిద్దుతూ ఒక లెటరు రాస్తానండీ అన్నాను.

"బుద్ధుందా మీకు?" అన్నారు ఈఈ గారు. "పదకొండేళ్ళకి ఆ ఫైలు దిల్లీ మొహం చూసింది. సరిదిద్దితే తిన్నగా మీ బీరువాలోకే వస్తుంది. నోరు మూసుకుని రెస్ట్‌హౌస్‌కి సున్నం వేయించండి."

వేయించేను.

బక్షీ గారు పొడుగాటి మనిషి, పెద్ద మర్యాదస్తుడు, అరవైకి దగ్గర. రెండు మూడు దేశాల్లో మన ప్రభుత్వం తరఫున పనిచేసి వచ్చేరు. తెలుగు రాదు. ఆయన ఇంగ్లీషుకి నేను దుబాసీ. మార్చి మొదట్లో వచ్చేరు. రాగానే బల్ల మీద పెద్ద మ్యాపు పరిచేరు. అందులో ముప్పాతిక భాగం సముద్రం. మ్యాపు గురించి మాట్లాడకుండా తిన్నగా చినమడుగు రేవుకి తీసుకెళ్ళేను. అవతల కనిపించేదే లంకండీ అన్నాను. ఆయన కళ్ళకి బైనాక్యులర్సు పెట్టుకుని, అక్కర్లేదని తెలిసి తీసేసేరు. అవతల ఒకావిడ పిడకలు వేస్తూ మాకేసి చూస్తోంది.

అది ఏ దేశం అని అడిగేరు. పశ్చిమ గోదావరి జిల్లా అండీ అన్నాను.

ఇప్పుడు తిడతాడు, ఇప్పుడు కారెక్కుతాడు అని చూస్తున్నాను. ఆయన రుమాలుతో మొహం తుడుచుకుని, అవతలి గట్టుకి వేరే కలెక్టరు ఉన్నాడా అని అడిగేరు. ఉన్నారండీ. ఇద్దరు కలెక్టర్లూ మాట్లాడుకుంటారా? లేదండీ. అయితే అది సరిహద్దే అన్నారు. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఆయన సర్వీసులో ఎలా నెగ్గుకొచ్చేరో నాకు ఆ క్షణంలో అర్థమైంది. దిల్లీ నుంచి పొరుగుదేశం వెళ్ళొస్తానని బయల్దేరిన మనిషి, పొరుగుజిల్లా చూసొచ్చేనని ఏ మొహంతో రాస్తాడు?

ఆయనకో సిద్ధాంతం ఉంది. వంతెన ముందు మనుషుల మధ్య పడాలి, ఆ తరవాతే నది మీద పడాలి. సంబంధాలు బాగుంటే సిమెంటు దానంతటదే వస్తుంది. దీన్ని రెస్ట్‌హౌస్ గోడ మీద బొమ్మలు వేసి మరీ గంటన్నర చెప్పేరు. మా ఏఈలు ఇద్దరూ బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్నారు. నాకు మాత్రం లోపల గుబులుగా ఉంది. ఎందుకంటే ఆ నదికి రెండు వైపులా సంబంధాలు ఎలా ఉన్నాయో నాకు తెలుసు.

ఆ కథ చెప్పాలంటే ముందు మా పద్ధతి చెప్పాలి. వంతెన నది మీద కట్టేస్తే సరిపోదు. దాని మీదకి ఎక్కడానికి రెండు గట్ల మీదా దారి కావాలి. వీటిని అప్రోచ్ రోడ్లంటాం. వాటికి కావలసిన భూమిని సొంతదార్లు రాసిస్తున్నట్టు సమ్మతి పత్రం ఉంటేనే అంచనా పైకి కదులుతుంది. దిల్లీవాళ్ళు మార్చి 31 లోపల రెండు గట్ల సమ్మతీ అందాలన్నారు. ఆ తేదీ దాటితే ఆ ఏటి కేటాయింపు మురిగిపోతుంది. వంతెన చోటు మార్చడానికి వీల్లేదు. పాయ సన్నబడి, అడుగున గట్టి మట్టి దొరికేది ఆ ఒక్క చోటే. ఆ చోటికి ఇవతల సూర్యారావు గారి కొబ్బరితోట. ముప్పై ఆరు చెట్లు దారిలో పడతాయి. అవతల రత్నం గారి అరటితోట. ఆ ఇద్దరూ వియ్యంకులు.

వియ్యంకులైతే ఇంకేం, నెత్తిన పాలు పోసినట్టే కదా అనుకుంటారు మీరు. నేనూ అలాగే అనుకున్నాను, వారం రోజులు. రత్నం గారి ఒక్కగానొక్క కూతురు పద్మని సూర్యారావు గారి అబ్బాయికి ఇచ్చి రెండేళ్ళయింది. అబ్బాయి మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు. పద్మకిప్పుడు ఆరో నెల. తొలి పురుడు పుట్టింట్లో జరగాలి. ఏడో నెలలో అమ్మా నాన్నా వచ్చి పిల్లని తీసుకెళ్తారు. అది పుట్టింటివారి హక్కు, పరువు, అన్నీను. అయితే పద్మకి రోజులొచ్చేది ఆషాఢంలో. ఆషాఢంలో గోదావరికి ఎర్రనీళ్ళు తగులుతాయి, అంటే ఎగువ నుంచి కొత్త వరద. లంకలో నొప్పులొస్తే ఆ నీటి మీద పడవ దాటి రాజోలు ఆసుపత్రికి రావాలి. వంతెన పడేదాకా నా కోడల్ని ఆ లంకకి పంపను అన్నారు సూర్యారావు గారు. నా కూతుర్ని పురిటికి పంపనివారి పక్కన నేను సంతకం పెట్టను అన్నారు రత్నం గారు. రత్నం గారి సంతకం లేకపోతే వంతెన లేదు. వంతెన లేకపోతే పద్మ వెళ్ళదు. గానుగెద్దు తిరిగినట్టు అక్కడక్కడే తిరుగుతోంది వ్యవహారం. సంక్రాంతి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఇక్కడ నేనొక వెధవపని చేసేను. చినమడుగు పంచాయతీ ఆఫీసులో ఉమ్మడి సమావేశం అని నోటీసు టైపు చేయించి, అటెండరు చేత ఇద్దరికీ పంపించేను. ప్రభుత్వ పద్ధతి ప్రకారం అందులో ఏ లోటూ లేదు. కాని వియ్యంకుడు వియ్యంకుడి ఊళ్ళో అడుగు పెట్టాలంటే ఇంటివారు వచ్చి పిలవాలి. కాగితం మీద నంబరు వేసి, అటెండరు చేత సంతకం తీయించుకుని పిలిస్తే ఏమనుకుంటారు? రత్నం గారు ఆ నోటీసు వెనకవైపున చక్కటి దస్తూరీతో రాసి పంపేరు: "గౌరవనీయులైన డీఈ గారికి నమస్కరించి వ్రాయునది. పిలుపు లేని గట్టు మీద కాలు పెట్టే అలవాటు మా వంశంలో లేదు. చిత్తగించవలెను." సూర్యారావు గారిని అడిగితే, "ఆయ్, అది గవర్నమెంటు మీటింగండీ. నా పెళ్ళి కాదు కదండీ నేను పిలవడానికి" అన్నారు.

తల ప్రాణం తోకకొచ్చింది నాకు. బక్షీ గారి మొహం మాత్రం వెలిగిపోయింది. ఇలాంటి చిక్కులు ఆయనకి కొట్టిన పిండి. తటస్థ స్థలంలో పెడదాం అన్నారు. రెండు గట్ల మధ్య తటస్థ స్థలం ఎక్కడుందండీ అన్నాను. ఆయన నదికేసి చూపించేరు.

అలా పంటు మీద సమావేశం పెట్టేం. రెండు పడవల్ని పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిస్తే అది పంటు. ఎడ్లబళ్ళూ స్కూటర్లూ దాటించేది. దాన్ని సరిగ్గా జిల్లా హద్దు మీద లంగరు వేయించమన్నారు బక్షీ గారు. సర్వేయరు రెండు గట్ల మీదా జెండాలు పాతి, గొలుసు లాగి, నీటిమీద హద్దు చూపించేడు. నా ముప్పై మూడేళ్ళ సర్వీసులో నీటిమీద హద్దు వేయించింది ఆ ఒక్కరోజే. తూర్పు సగంలో సూర్యారావు గారూ ఆయన మనుషులూ, పడమర సగంలో రత్నం గారూ ఆయన మనుషులూ, మధ్యలో కుర్చీల్లో బక్షీ గారూ నేనూ. టీ ఏ గట్టు నుంచి రావాలన్నదాని మీద అరగంట గడిచింది. చివరికి టీ మానేసి, తూర్పు నుంచి కొబ్బరిబొండాలు, పడమర నుంచి అరటిపళ్ళు తెప్పించేం. ఎవరివి వాళ్ళే తిన్నారు. బక్షీ గారు రెండూ సమానంగా పుచ్చుకున్నారు. ఆ తరవాత రెండ్రోజులు ఆయనకి కడుపులో బాగాలేదట.

బక్షీ గారు లేచి తన సిద్ధాంతం మొదలెట్టేరు. అందులో 'రిలేషన్స్' అన్న మాటని తెలుగులో ఏమనాలి? తట్టిన మాట అనేసేను. "వంతెనంటే సిమెంటు కాదండీ, సంబంధం అంటున్నారండీ. ముందు మీ రెండు ఊళ్ళూ సంబంధం కలుపుకోవాలట. మంచి సంబంధం కలిస్తే మిగతావన్నీ అవే కుదుర్తాయటండీ."

అనేసేక గానీ ఏమన్నానో నాకే తెలియలేదు. పడమటి సగంలో ఎవరో నవ్వాపుకోలేక దగ్గేరు.

రత్నం గారు కండువా సర్దుకున్నారు. "ఆయ్. సంబంధం కలుపుకున్నామండీ," అన్నారు నాకేసి చూస్తూ. "రెండేళ్ళ కిందట వైశాఖంలో, మా పందిట్లోనేనండీ. ఆవేళ మగపెళ్ళివారు పడవల మీద పొలోమని వచ్చేరండీ. ఒక్కరూ వంతెన అడగలేదండీ. ఇవాళ ఒక్క పిల్లని పంపడానికి వంతెన కావాలంటున్నారండీ."

సూర్యారావు గారు ఆయనకి రెండు బారల దూరంలో ఉన్నారు. అయినా నాతోనే అన్నారు: "డీఈ గారూ, వారికి మనవి చేయండి. పెళ్ళి వైశాఖంలోనండీ, పురుడు ఆషాఢంలోనండీ. ఆ రెండు నెలలకీ తేడా ఏమిటో నదికి తెలుసండీ. వారికే తెలిసినట్టు లేదండీ."

"అలాగాండీ. పిల్లని కన్నవారికి తెలీదటండీ?"

"కన్నవారికే ఎక్కువ తెలియాలండీ. అదే విచారమండీ నాకు."

మా వైపు ఇదొక వింత. కోపం పెరిగినకొద్దీ అండీలు పెరుగుతాయి. ఇంకో ప్రాంతంలో అయితే ఈపాటికి కర్రలు లేచేవి. ఇక్కడ వాళ్ళిద్దరూ ఒకరినొకరు కోసి ఉప్పూ కారం పెడుతున్నా, దూరం నుంచి చూసేవాడికి ఏదో శుభలేఖ చదువుతున్నట్టుంటుంది. బక్షీ గారికి అలాగే అనిపించింది. ఏమంటున్నారని ఆత్రంగా అడిగేరు. ఇరుపక్షాలూ తమ మధ్య ఉన్న పాత సంబంధాలను గుర్తుచేసుకున్నాయనీ, వర్షాకాలం విషయంలో మాత్రం అభిప్రాయభేదం ఉందనీ చెప్పేను. అబద్ధం ఒక్కటీ లేదు. ఆయన రాసుకున్నారు.

సమ్మతి పత్రంలో ఎవరి పేరు ముందుండాలన్న గొడవ రాకుండా రెండు ప్రతులు తయారుచేసేను, ఒకదాంట్లో ఈయన ముందు, రెండోదాంట్లో ఆయన ముందు. దేశాల మధ్య కూడా ఇలాగే చేస్తారని బక్షీ గారు నా వీపు తట్టేరు. ఏం లాభం? ముందు పిల్లని పంపమనండి, అప్పుడు పెడతాను సంతకం అని ఒకరు. ముందు సంతకం పెట్టమనండి, వంతెన పడ్డాక పంపుతాను అని ఒకరు. వంతెనకి తక్కువలో తక్కువ మూడేళ్ళు. పురుటికి నాలుగు నెలలు. ఈ లెక్క ఇద్దరికీ రాకపోలేదు. కోపంలో ఇద్దరికీ గుర్తులేదు. అంతలో లంగరు తాడు జారి పంటు మెల్లిగా తూర్పు గట్టుకేసి పోవడం మొదలెట్టింది. రత్నం గారు దిగ్గున లేచి, "పిలవని గట్టుకి తీసుకుపోతున్నారండోయ్!" అని కేకేసేరు. ఆయన మనుషులు గెడలు వేసి పంటుని పడమటికి తోసేరు. సూర్యారావు గారి మనుషులు తూర్పుకి తోసేరు. పంటు నది మధ్యలో గిరగిరా తిరిగింది. సమావేశం ముగిసింది.

బక్షీ గారు ఆ రాత్రి రైలుకే వెళ్ళిపోయేరు. ప్రక్రియ మొదలైంది, ఓపిక పట్టండి అన్నారు. ఓపిక పట్టడానికి నాకు ఇంకా పది రోజులున్నాయి.

మూడోనాడు మేం పాతిన కొలతమేకులు ఉన్నాయో లేదో చూద్దామని సూర్యారావు గారి తోటకెళ్ళేను. ఆయన లేరు, రామచంద్రపురం ఏదో పెళ్ళికెళ్ళేరు. ఇల్లు తోటలోనే. ఆయన భార్య బుల్లెమ్మ గారు అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగిచ్చేరు. గుమ్మం పట్టుకుని పద్మ నుంచుంది. పల్చటి పిల్ల. అప్పటిదాకా ఆ అమ్మాయిని నేను చూడలేదు. నా ఫైలులో మాత్రం ఉంది.

"బాబాయి గారూ, నా పురుడు గురించి పంటు మీద మీటింగు పెట్టేరటగదండీ," అంది. "దిల్లీ ఆయన కూడా రాసుకున్నారట. అందర్నీ పిలిచేరు, నన్నొక్కదాన్నే ఎవరూ అడగలేదేంటండీ?"

మజ్జిగ గ్లాసు కింద పెట్టేను. నీకెలా కావాలమ్మా అన్నాను.

"నాకు భయమండీ. అక్కడికెళ్తే నీళ్ళకి దాటలేనని భయం. ఇక్కడే ఉంటే మా అమ్మ నా దగ్గరుండదని భయం. నాకు మా అమ్మ కావాలండీ. లంక కాదండీ నాక్కావలసింది." అని ఏడ్చేసింది.

నాకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. హద్దు వేయించేను, జెండాలు పాతించేను, రెండు ప్రతులు టైపు చేయించేను. ఈ రెండు ముక్కలూ అడగడం ఎవరికీ తట్టలేదు. బుల్లెమ్మ గారు కోడల్ని పట్టుకుని, "ఈ మాట నాతో అనొచ్చు కదే పిచ్చిదానా!" అన్నారు. "మావయ్య గారు అడిగితే కదండీ," అంది పద్మ.

ఆ మర్నాడు పొద్దున్నే బుల్లెమ్మ గారు పళ్ళెంలో పసుపూ కుంకుమా, రవికెల గుడ్డా, కొబ్బరికాయలూ పెట్టుకుని, మొగుడికి చెప్పకుండా పడవెక్కేరు. ఇది నాకు తరవాత ఆవిడే చెప్పేరు. లంకలో రత్నం గారి గుమ్మంలో దిగి, వియ్యపురాలికి బొట్టుపెట్టి, "వదినగారూ, ఆసుపత్రి పక్క వీధిలో ఒక ఇల్లు చూసేను. అది మీరు అద్దెకి తీసుకోండి. ఏడో నెల నుంచి మీరూ పిల్లా అక్కడే ఉండండి. గుమ్మానికి మావిడాకులు మీ లంక నుంచే తెచ్చి కట్టండి. అప్పుడది మీ ఇల్లే కదా, పుట్టింటి పురుడే కదా" అన్నారట. ఆవిడ ఒక్క మాటకి ఒప్పేసుకున్నారట. రత్నం గారు అరుగు మీద పేపరు అడ్డం పెట్టుకుని విన్నారట. వెళ్తూ వెళ్తూ బుల్లెమ్మ గారు ఆయన కేసి తిరిగి, "అన్నయ్య గారూ, బుధవారం మా ఇంటికి భోజనానికి రావాలి. నేనొచ్చి పిలుస్తున్నాను" అన్నారట. ఇంటావిడ స్వయంగా పడవెక్కి వచ్చి పిలిచేక కాదనడానికి ఆయన దగ్గర ఏ కారణమూ మిగల్లేదు.

బుధవారం, మార్చి 29. రత్నం గారు వచ్చేరు. పనసపొట్టు కూర, పులస లేని కాలం గనక ఏదో మామూలు చేప, పరమాన్నం. భోజనాలయ్యేక ఎవరూ పిలవకుండానే నేను కాగితాలు తీసుకుని హాజరయ్యేను. ఇద్దరూ సంతకాలు పెట్టేరు. సూర్యారావు గారు కలం మూత పెడుతూ, "మనవడో మనవరాలో నడక నేర్చేసరికి దీని మీద నడవాలండీ డీఈ గారూ" అన్నారు.

"ఆయ్ అండీ," అన్నాను.

ఇంజనీరన్నవాడు అనకూడని మాట అది. మా వైపు ఆయ్ అంటే ఔనని అర్థం, విన్నానని కూడా అర్థం. నేను విన్నానన్నాను. ఆయనకి ఔనని వినిపించింది.

కాగితాలు ఫ్యాక్సులో వెళ్ళేయి. మేలో బక్షీ గారి నివేదిక ప్రతి నాకొచ్చింది. నది మధ్యలో జరిపిన చర్చల్లో నెలకొన్న పరస్పర విశ్వాసమే ఈ విజయానికి కారణమనీ, ఈ నమూనాని ఇతర సరిహద్దుల్లో కూడా అనుసరించవచ్చనీ రాసేరు. పంటు తిరిగిన సంగతి లేదు. బుల్లెమ్మ గారి పేరు లేదు. నా పేరు ఉంది, తప్పుగా.

ఆషాఢంలో ఎర్రనీళ్ళు అనుకున్నదానికంటే ముందే తగిలేయి. పదకొండు రోజులు పడవలు ఆగిపోయేయి. పద్మా వాళ్ళమ్మా రాజోల్లో ఉన్నారు. రత్నం గారు అరటితోట చూసుకోవడానికి లంకకి వెళ్ళి అక్కడే చిక్కడిపోయేరు. నాలుగోరోజు మధ్యాహ్నం నేను గట్టు ఎక్కడైనా కోసేసిందేమోనని రేవు దగ్గర ఉన్నాను. సూర్యారావు గారు పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే మైకుసెట్టు బండి మీద వేయించుకుని వచ్చేరు. బూరా నదికేసి తిప్పించి, మైకు పట్టుకుని, "బావగారూ! ఆడపిల్లండీ! తల్లీ పిల్లా క్షేమమండీ! బావగారూ!" అని అరిచేరు. అటువైపు గట్టు మీద ఎవరో తెల్ల కండువా గిరగిరా తిప్పేరు. సూర్యారావు గారు మైకు దించి కళ్ళు తుడుచుకున్నారు. నాకూ కళ్ళు చెమర్చేయి, దాచడమెందుకు?

ఆగస్టులో దిల్లీ నుంచి ప్రశ్న వచ్చింది. అవతలి దేశ ప్రభుత్వపు సమ్మతి అందినదా? వంతెన చివర కస్టమ్స్ తనిఖీకి ఏర్పాట్లేమిటి? బక్షీ గారు అప్పటికి వేరే పనికి మారిపోయేరు. ఆయన కుర్చీలోకొచ్చినవారు ఫైలు మొదటి పేజీ మాత్రమే చదివేరు.

ఈఈ గారు అనుభవజ్ఞులు. "సంప్రదింపులు జరుగుచున్నవి అని రాసి ఊరుకోండి. ఫైలు బతికుంటే చాలు" అన్నారు. నాకు ఆ మైకు చెవిలో మోగుతూనే ఉంది. ఇంకా ఈ నాటకమేమిటి, ఉన్నమాట చెబితే పని తొందరగా అవుతుంది అనిపించింది. నాకు ముక్కు మీద కోపం, అది మా ఆవిడ కూడా చెబుతుంది. ఆయనకి చూపించకుండా తిన్నగా రాసేను: ఈ లంక భారతదేశంలోనిదే. ఇందులో అన్యదేశ ప్రమేయమేమీ లేదు. వంతెన అత్యవసరం.

నా సర్వీసులో దిల్లీ నుంచి వారం లోపల జవాబొచ్చింది అదొక్కసారే. సదరు ప్రదేశం స్వదేశంలోనిదైనందున ఈ విభాగానికి దీనితో ఎట్టి సంబంధమూ లేదు. ఫైలు మూసివేయడమైనది. ఎట్టి సంబంధమూ లేదు! గంటన్నర బొమ్మలు వేసి చెప్పిన మాట అది.

ఈఈ గారు ఫోన్లో నా చేత ఆ జవాబు రెండుసార్లు చదివించుకున్నారు. తరవాత, "పొరుగుదేశమైతే వచ్చేది మాస్టారూ వంతెన. మన ఊరైపోయింది," అని పెట్టేసేరు.

సెప్టెంబరులో వియ్యంకులిద్దరూ ఒకే పడవలో దాటి, ఒకే ఆటోలో మా ఆఫీసుకొచ్చేరు. ఒకే బెంచీ మీద కూర్చున్నారు. బక్షీ గారు ఉంటే ఫొటో తీయించేవారు. సూర్యారావు గారు ముసిముసిగా నవ్వుతూ, "మీకు పని తగ్గించేనండీ. దారిలో పడే ముప్పై ఆరు చెట్లూ కొట్టించేసేనండీ. మొదళ్ళు కూడా తీయించేసేను. బావగారు అరటి తీయించేరు. మరి పునాదెప్పుడండీ?" అన్నారు.

ఆ చెట్లు ఆయన తండ్రిగారు వేసినవి. మంచి కాపు మీదున్నాయి. నరకమని నేను చెప్పలేదు. నరకొద్దనీ చెప్పలేదు.

జరిగింది మొత్తం చెప్పేను. నేను రాసిన లెటరు సంగతి కూడా దాచలేదు. దాచి ఉంటే ఆ కోపం ఎవరో దిల్లీవాడి మీదకి పోయేది. సూర్యారావు గారు నన్ను తిడతారని చూసేను. ఒక్క మాట తిట్టినా బాగుండేది. "ఆయ్," అన్నారు. మళ్ళీ తనే, "అరటైతే ఏడాదికి మళ్ళీ వస్తుందండీ," అన్నారు. రత్నం గారు ఆయన భుజం మీద చెయ్యేసి, "పదండి బావగారూ," అని లేవదీసేరు. నాకు నమస్కారం పెట్టింది సూర్యారావు గారొక్కరే.

నేను 2007లో రిటైరయ్యేను. అప్పటికి అక్కడ వంతెన లేదు. ఆ తోటలో చెట్లు తీసిన జాగాలో పంచాయతీవారు రేవుదాకా కంకర పరిచేరు. అవతల లంకలోనూ దానికెదురుగా మరో కంకర దారి ఉంది.

ఆ ఏడాది తరవాత, మంజూరు ఉత్తర్వు నా కళ్ళతో చూడకుండా ఏ రైతు చేతా సమ్మతి పత్రం మీద సంతకం పెట్టించలేదు. రైతులడిగినదానికి ఆయ్ అనడమూ మానేసేను. తెలిస్తే తేదీ చెప్పేవాణ్ణి, తెలియకపోతే తెలియదనేవాణ్ణి. దీనివల్ల పనులు ఆలస్యం చేస్తున్నాడని ఎస్‌ఈ గారు నా కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో రెండుసార్లు రాసేరు. ఆలస్యమైన మాట నిజమే. ఉత్తర్వు రాకముందు ఒక్క చెట్టూ కూలకపోవడమూ నిజమే, కాని ఆ రిపోర్టులో దానికి గడి లేదు.